పుట్టపాక తేలియా చీర: ఎరుపు కోసమైతే కొనండి

పుట్టపాకలో ఒక నేత కుటుంబానికి ఆర్డరిచ్చి నేయించుకున్న కాటన్ తేలియా చీర గురించి రాస్తున్నాను. తేలియా అంటే దారానికి నూనె పట్టించి నేసేది. ధర 14,000 రూపాయలు. ఎరుపంటే ప్రాణం పెట్టేవాళ్లు ఈ చీర కొనుక్కోవచ్చు. తేలిగ్గా, మెత్తగా, కట్టుకున్నట్టే తెలియకుండా ఉండే చీర కావాలంటే మాత్రం కాస్త ఆలోచించండి. మొదట్లో బిరుసుగా ఉంటుంది, బరువు తెలుస్తుంది, నూనె వాసన వస్తుంది. నాలుగైదు ఉతుకుల తర్వాత బిరుసూ వాసనా చాలావరకు పోయాయి. రంగు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

నేను నల్గొండలో ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పి రిటైరయ్యాను. అందుకని ఇందులో చీరతోపాటు మొక్కలూ, వాటి లాటిన్ పేర్లూ వస్తాయి. ఇప్పుడు చేనేత బట్టల ట్యాగుల మీద లాటిన్ పేర్లు కనిపిస్తున్నాయి, వాటిని చూసి జనం రెట్టింపు డబ్బు పెడుతున్నారు. ఆ పేరు ఏం చెబుతుందో, ఏం చెప్పదో తెలిస్తే కొనేవాళ్లకు మేలు.

చీర కొనకముందు హైదరాబాద్‌లో ఒక చేనేత ఎగ్జిబిషన్‌కు వెళ్లాను. ఒక స్టాల్‌లో ఎరుపు, నలుపు, తెలుపు గళ్లతో తేలియా చీర ఉంది. ధర 28,000. ట్యాగు మీద 'వంద శాతం సహజం, రూబియా రంగు' అని అచ్చేసి ఉంది. రూబియా అంటే ఎర్ర రంగునిచ్చే వేరున్న మొక్క, అందులో రకాలున్నాయి. ఏ రూబియా, టింక్టోరమా కార్డిఫోలియానా అని అడిగాను. కౌంటర్ దగ్గరున్న అబ్బాయికి తెలియదు. ఓనర్‌కు ఫోన్ చేసి ఇచ్చాడు. 'మేడం, అది విదేశీ పద్ధతి, సర్టిఫికెట్ ఉంది' అన్నాడాయన. సర్టిఫికెట్ చూపించమంటే ఆఫీసులో ఉందన్నాడు. చీర బాగుంది, ఆ మాట కాదనను. కానీ ఏ వేరుతో వేశారో చెప్పలేని రంగుకు అదనంగా పద్నాలుగు వేలు ఎందుకివ్వాలి? కొనకుండా వచ్చేశాను.

ఆ ట్యాగు మీది పేరు ఎక్కడ మొదలైందో చెప్తాను. లాటిన్‌లో ఎరుపును రూబెర్ అంటారు. పురాణాల్లో యుద్ధ ఘట్టాలు వినేటప్పుడు మనకు వినిపించే 'రుధిరం', ఈ రూబెర్ ఒకే పాత మాట నుంచి చీలి వచ్చాయి. గ్రీకుల ఎరిథ్రోస్, ఇంగ్లీషు రెడ్, మన శ్లోకాల్లోని లోహితం, అన్నీ అక్కడివే. ఎర్ర రక్తకణాన్ని ఎరిథ్రోసైట్ అని పిల్లలకు చెప్పినప్పుడల్లా పక్కన బోర్డు మీద రుధిరం అని రాసి చూపించేదాన్ని. చివరి బెంచీ పిల్లలు కూడా ఆ రోజు తలెత్తి చూసేవాళ్లు.

ఎర్ర రంగునిచ్చే వేరున్న మొక్కకు రోమన్లు ఆ రూబెర్ నుంచే రూబియా అని పేరు పెట్టుకున్నారు. క్రీ.శ. మొదటి శతాబ్దపు ప్లినీ తన ప్రకృతి గ్రంథంలో ఉన్నికీ తోళ్లకూ రంగు వేయడానికి ఈ వేరు తప్పనిసరి అని రాశాడు. రోమ్ శివార్లలో పండేదాన్ని అన్నిటికంటే మెచ్చుకున్నాడు. 1753లో లిన్నేయస్ మొక్కలకు రెండేసి పదాల పేర్లు పెట్టినప్పుడు దీన్ని రూబియా టింక్టోరం అన్నాడు. టింక్టోరం అంటే రంగులద్దేవాళ్లది అని. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే మంజిష్ఠ దీనికి దగ్గరి చుట్టం. దాని పేరు రూబియా కార్డిఫోలియా, అంటే గుండె ఆకారపు ఆకులున్న రూబియా.

కొనేవాళ్లు గమనించాల్సింది ఇక్కడే ఉంది. రెండూ రూబియాలే, రెండూ ఎర్రగానే ఉంటాయి, కానీ వేర్లలోని రంగు పదార్థాలు వేరు. టింక్టోరం వేరులో ముఖ్యమైనది అలిజరిన్. మంజిష్ఠలో ఎక్కువగా ఉండేవి పర్ప్యూరిన్, మంజిస్టిన్. మంజిస్టిన్ అనే పేరే మన మంజిష్ఠ నుంచి వచ్చింది. కాబట్టి ట్యాగు మీద రూబియా అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఆ బట్ట మీద ఏ ఎరుపు ఉందో మనకు తెలియదు.

ఇంకో సంగతి. కోస్తాలో కృష్ణా డెల్టా వైపు పాత కలంకారీ, అద్దకం బట్టలకు పేరు తెచ్చిన ఎరుపు అసలు రూబియాతో వచ్చిందే కాదు. అది చిరివేరుది. ఇసుక నేలల్లో పెరిగే చిన్న మొక్క అది, ఓల్డెన్‌లాండియా అంబెల్లాటా. దాని వేరులోనూ అలిజరిన్ ఉంది. చిరివేరు, రూబియా రెండూ రూబియేసీ కుటుంబంలోవే. ఈ కుటుంబం గురించి చెప్పడం మొదలుపెడితే నాకు గంట చాలేది కాదు. మనం పొద్దున్నే తాగే కాఫీ రూబియేసీ. మలేరియాకు క్వినైన్ ఇచ్చిన సింకోనా రూబియేసీ. గుడి ముందు పూసే నూరువరహాలు, కృష్ణుడి కదంబం రూబియేసీ. పేరులోనే ఎరుపున్న తొగరు చెట్టూ రూబియేసీనే, దాని వేరుతోనూ బట్టలకు రంగు వేసేవాళ్లు. రోమన్లు ఒక వేరుకు పెట్టిన పేరు ఇన్ని వేల జాతుల కుటుంబానికి ఇంటిపేరై కూర్చుంది.

సరే, పుట్టపాక. ఇది సంస్థాన్ నారాయణపురం మండలంలో ఉంది. జిల్లాలు విడిపోయాక యాదాద్రి భువనగిరి జిల్లాలోకి వెళ్లింది, మాకు మాత్రం ఇంకా నల్గొండే. ఈ ఊరివాళ్లు గజం గోవర్ధన గారికి 2011లో, గజం అంజయ్య గారికి 2013లో పద్మశ్రీ వచ్చింది. తేలియా రుమాల్‌కు 2020లో జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే గుర్తింపు, దక్కింది. రుమాళ్ల నేత పుట్టింది చీరాలలో. చదరపు ముక్కలుగా నేసేవాళ్లు. మన దగ్గర జాలర్లు లుంగీగా, తలగుడ్డగా వాడేవాళ్లు. అరబ్బు దేశాలకు తలకు చుట్టుకోవడానికి ఓడల్లో వెళ్లేవి. చీరాలలో ఆ పని పలచబడిపోయింది, పుట్టపాకలో నిలబడింది. ఇప్పుడు రుమాళ్లతోపాటు చీరలు, దుపట్టాలు కూడా నేస్తున్నారు.

నేను వెళ్లిన ఇల్లు పెద్ద పేరున్నదేమీ కాదు. బోర్డు లేదు. ముందు గదిలో రెండు మగ్గాలు, వెనక వసారాలో ఆసు పోసే, అంటే దారాన్ని మేకుల చుట్టూ తిప్పి చుట్టే చోటు, పెరట్లో రంగు వేసే గోలేలు. ఇంటి పెద్దాయన మగ్గం మీదే ఉన్నాడు. కోడలు చీరలు తెచ్చి చాప మీద పరిచింది. ఒక్కొక్కటీ విప్పి, ఎండలోకి పట్టుకెళ్లి చూపించింది. ఈ పని నాకు చాలా నచ్చింది. తేలియా ఎరుపును ట్యూబ్‌లైటు కింద చూసి కొనకూడదు. లైటు కింద గోధుమ రంగులా కనిపించిన చీర ఎండలోకి వచ్చేసరికి కల్లంలో ఆరబోసిన మిరపకాయలా మారిపోయింది.

నేను ఎగ్జిబిషన్‌లో అడిగిన ప్రశ్నే ఇక్కడా అడిగాను. 'అన్నా, ఇది ఏ వేరు రంగు?' పెద్దాయన మగ్గంలో అటూ ఇటూ విసిరే నాడె ఆపి చెప్పాడు. 'వేరు ఏడిది మేడం? ఇది డబ్బా రంగే. అలిజరిన్ అంటరు. మా నాయన కూడ ఇదే వాడిండు. వేరు రంగని చెప్పి రెండింతలు తీసుకోవచ్చు గని, రేపు మీరొచ్చి అడిగితే నేనేం చెప్పాలె?'

ఆ మాటకే అడ్వాన్స్ ఇచ్చాను.

ఆయన దాచుకోవాల్సింది కూడా ఏమీ లేదు. 1826లో ఫ్రాన్సులో రొబికే, కొలిన్ అనే ఇద్దరు రూబియా వేరు నుంచి అలిజరిన్‌ను విడదీశారు. 1868లో జర్మనీలో గ్రేబె, లీబర్‌మాన్ అదే పదార్థాన్ని బొగ్గు తారులో దొరికే ఆంత్రసీన్ నుంచి తయారుచేశారు. మొక్క రంగుల్లో ల్యాబ్‌లో తయారైన మొదటిది ఇదే. ఆ తర్వాత కొన్నేళ్లకే యూరప్‌లో రూబియా తోటలు పడిపోయాయి. తరతరాలుగా వేరు పండించుకుని బతికిన రైతులకు కొనేవాడు లేకుండా పోయాడు. అంటే డబ్బాలో ఉన్నదీ, వేరులో ఉన్నదీ ఒకటే అణువు. వేరులో అయితే దానితోపాటు ఇంకొన్ని పదార్థాలు కలిసొస్తాయి కాబట్టి రంగు ఛాయల్లో తేడా ఉంటుంది. ఆ తేడా కావాలనుకునేవాళ్లు వేరు రంగే వెతుక్కోవాలి, దానికి ఎక్కువ ఇవ్వడంలో తప్పు లేదు. కానీ డబ్బా రంగు వేసి వేరు పేరు పెట్టి అమ్మడం మోసం. డబ్బా రంగును డబ్బా రంగని చెప్పి అమ్మే మనిషిని నేను పది ఊళ్లు తిరిగైనా వెతుక్కుంటాను.

తేలియాలో అసలు గొప్పతనం డబ్బాలో లేదు, నూనెలో ఉంది. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిదను నీళ్లలో కలిపి, తేరిన నీళ్లు తీస్తారు. ఆ నీళ్లలో నూనె కలిపి దారాన్ని నానబెడతారు. పిసికి, పిండి, ఎండబెట్టి, మళ్లీ నానబెడతారు. రోజుల తరబడి ఇదే పని. బూడిద నీళ్లలోని క్షారం నూనెను విడగొట్టి సబ్బు తయారైనట్టు చేస్తుంది. అలా మారిన నూనె దారంలోకి ఇంకి, పటికను గట్టిగా పట్టుకుంటుంది. పటికలోని అల్యూమినియం అలిజరిన్‌ను పట్టుకుంటుంది. ఈ మూడూ కలిస్తేనే ఆ ఎరుపు. నూనె పెట్టకుండా వేస్తే రంగు రాదని కాదు, ఇంత లోతు రాదు, ఇంత గట్టిగా నిలవదు. యూరప్‌వాళ్లు టర్కీ రెడ్ అని పిలుచుకుని, నేర్చుకోవడానికి పద్దెనిమిదో శతాబ్దంలో నానా తంటాలు పడిన ఎరుపు కూడా ఇలా నూనె, క్షారం, పటికలతో వేసేదే.

ఒకప్పుడు నల్గొండ, మహబూబ్‌నగర్ చెలకల్లో ఆముదం బాగా వేసేవాళ్లు. వానాధారానికి తట్టుకునే పంట. ఇప్పుడు ఎటు చూసినా పత్తే. ఆముదం పొట్టు కోసం పక్క ఊళ్లు తిరగాల్సి వస్తోందని కోడలు చెప్పింది. కొన్న బూడిద వాడితే కుదరదా అంటే, దానిలో ఏం కలుపుతారో తెలియదు, దారం చివికిపోతుందంది. పొట్టు దొరకడం, ఎండ కాయడం, ఈ రెండింటి మీదే వాళ్ల పని నడుస్తోంది. చీర ధర గురించి అడిగేవాళ్లు ఈ లెక్క కూడా వేసుకోవాలి.

దారం ఆరాక చిటికి కడతారు. డిజైన్ ప్రకారం దారానికి ఎక్కడెక్కడ రంగు పట్టకూడదో అక్కడ సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు పీలికలు బిగించి చుడతారు. తేలియాలో పడుగుకీ పేకకీ రెండింటికీ చిటికి కడతారు. రెండూ మగ్గం మీద కలిసినప్పుడు బొమ్మ అంచుకు అంచు సరిపోవాలి. ఆసు పోసే పని ఆడవాళ్లది. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారు వాళ్లమ్మ భుజాల నొప్పి చూడలేక 1999లో లక్ష్మీ ఆసు యంత్రం చేశారు, 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఈ ఇంట్లో కూడా ఆసు యంత్రం ఉంది. కోడలు దాని పక్కన నిలబడి నాతో మాట్లాడుతూనే పని చేసుకుంది. ఆమె అత్తగారు మాత్రం ఇప్పటికీ భుజం పైకి ఎత్తలేదు.

రబ్బరు అన్నాను కాబట్టి ఒక మాట. రబ్బరుకూ రూబెర్‌కూ సంబంధం లేదు. పెన్సిలు గీతను రుద్ది చెరుపుతుంది కాబట్టి ఇంగ్లీషువాళ్లు దానికి ఆ పేరు పెట్టారు. బోటనీ చదివిన పిల్లలు రుబిస్కో ఎంజైమును కూడా ఈ కోవలో కలిపేస్తుంటారు. అది రిబ్యులోజ్ అనే చక్కెర పేరులోంచి వచ్చిన పొడి అక్షరాల పేరు, ఎరుపుతో చుట్టరికం లేదు. నిజమైన వారసులు వేరే ఉన్నారు. కామెర్లొచ్చినప్పుడు రిపోర్టులో మనం భయంగా వెతికే బిలిరూబిన్‌లో రూబెర్ ఉంది. 2017లో పిల్లలకు వేసిన ఎంఆర్ టీకాలో ఆర్ అంటే రుబెల్లా, చిన్న ఎరుపు అని అర్థం. 1861లో బున్సెన్, కిర్చాఫ్ కనిపెట్టిన లోహానికి వర్ణపటంలో ముదురు ఎరుపు గీతలు కనబడ్డాయని రుబిడియం అన్నారు. ఉంగరంలో రూబీ సరేసరి. ఫ్రెంచి వాళ్ల రూజ్ బుగ్గలకు రాసుకునే రంగై ప్రపంచమంతా తిరిగింది. స్పానిష్‌లోకి వెళ్లిన మాట మాత్రం దారి మారింది. అక్కడ రూబియో అంటే ఇప్పుడు బంగారు రంగు జుట్టున్న మనిషి.

వీటన్నిటిలో నా మనసుకు దగ్గరైనది రూబ్రికా. లాటిన్‌లో అది ఎర్రమన్ను, మన ఊళ్లలో గోడలకూ అరుగులకూ పూసే జాజు వంటిది. రోమన్లు చట్టాల శీర్షికలను ఆ ఎర్రమట్టి రంగుతో రాసేవాళ్లు. తర్వాత మఠాల్లో రాతప్రతులకూ ఎర్ర శీర్షికలు పెట్టారు. శీర్షికకే రూబ్రిక్ అని పేరు వచ్చింది. ఆ తర్వాత నియమానికి, ఇప్పుడు మార్కులు ఎలా వేయాలో చెప్పే పట్టికకు. నా సర్వీసు చివర్లో టీచర్ల ట్రైనింగుల్లో రోజూ ఈ మాట వినేవాళ్లం. చేతిలో ఎర్ర పెన్ను పట్టుకుని పేపర్లు దిద్దిన దాన్ని కాబట్టి, ఆ మాట కింద ఎర్రమన్ను ఉందని తెలిసినప్పుడు నాకు ఎంతో సంతోషమైంది.

ఇక చీర సంగతి. ఒళ్లంతా ఎరుపు మీద తెల్లటి గళ్లు, గళ్ల మధ్య నల్ల వజ్రాకారాలు. పల్లూలో ఏనుగులు. పాత రుమాళ్లలో గడియారాలు, విమానాలు కూడా నేసేవాళ్లు. గడియారం డిజైన్ కావాలంటే మళ్లీ గ్రాఫ్ గీయాలి, ఆలస్యమవుతుందన్నారు, ఏనుగులతో సరిపెట్టుకున్నాను. తెలుపు పాలలాంటి తెలుపు కాదు. నూనె వల్ల కొద్దిగా మీగడ ఛాయ ఉంటుంది. అది లోపం కాదు, నూనె పెట్టిన దారమని చెప్పే గుర్తు. నలుపు బాగుంది కానీ నాకు ఎరుపు ఇచ్చినంత సంతోషం ఇవ్వలేదు. కలంకారీవాళ్లు తుప్పు ఇనుము, బెల్లం నానబెట్టిన నీళ్లతో తెచ్చే నలుపులో ఒక నిండుదనం ఉంటుంది. ఇందులో నలుపు కూడా డబ్బాదే, కాస్త చదునుగా కనిపిస్తుంది. పల్లూలో ఒక ఏనుగు తొండం దగ్గర పడుగు, పేక బొమ్మలు వెంట్రుకవాసి తప్పాయి. రెండు వైపులా చిటికి కట్టిన బట్టలో అది మామూలే, నేను పట్టించుకోలేదు.

రంగు పరీక్ష ఇంట్లో చేశాను. తెల్ల గుడ్డ తడిపి ఎరుపు మీద గట్టిగా రుద్దితే ఏమీ అంటలేదు. మొదటి ఉతుకులో నీళ్లు కొంచెం గులాబీ ఛాయకు వచ్చాయి, తర్వాత రాలేదు. కుంకుడు రసంతో ఉతికి నీడలో ఆరేస్తున్నాను. తెల్ల జాకెట్టు మీద కట్టుకుని ఎండాకాలం పెళ్లికి వెళ్లొచ్చాను, చెమటకు కూడా రంగు దిగలేదు. మా పక్కింటి కోడలు ఒక ఆన్‌లైన్ సైట్‌లో తేలియా అని 1,800కు తెప్పించుకుంది. దాన్ని తిరగేస్తే వెనక వైపు బొమ్మ పలచగా ఉంది. అంటే ప్రింటు. చిటికి బట్టకు రెండు వైపులూ ఒకేలా ఉంటాయి, బొమ్మ అంచులు కత్తితో కోసినట్టుగా ఉండవు, కొద్దిగా చెదురుతాయి. కొంగు చివర వదిలేసిన దారాల మీద కూడా రంగు తునకలు తునకలుగా కనిపిస్తుంది. కొనేముందు ఈ మూడూ చూడండి.

నూనె పెట్టిన బట్ట ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా ఉంటుందని అమ్మేవాళ్లందరూ చెబుతారు. నాకు మంచి కాటన్ చీరకూ దీనికీ అంత తేడా ఏమీ తెలియలేదు. ఆ మాట విని కొనకండి.

నచ్చనివి కూడా చెప్పాలి. బతుకమ్మకు కట్టుకుందామని వానాకాలం మొదట్లో ఆర్డరిచ్చాను. దసరా దాటాక చేతికొచ్చింది. ముసురు పట్టి నూనె దారం ఆరలేదట. కారణం అర్థమైంది కానీ, ఆర్డరు తీసుకునేటప్పుడే వానల్లో ఆలస్యమవుతుందని చెప్పి ఉంటే నేను పండగ ఆశ పెట్టుకునేదాన్ని కాదు. ఫోన్ చేసిన ప్రతిసారీ వచ్చే వారం అనడం బాగాలేదు. మీరు ఆర్డరివ్వదలిస్తే సంక్రాంతి తర్వాత ఇవ్వండి, ఎండలు బాగా కాస్తాయి. జాకెట్టు ముక్క రాదు, అది కూడా ముందు చెప్పలేదు. బిల్లు చేత్తో రాసిచ్చారు, దాని మీద రంగు గురించి ఒక్క ముక్క లేదు. నోటితో ఇంత నిజాయితీగా చెప్పినవాళ్లు అదే మాట కాగితం మీద రాస్తే బాగుంటుందని కోడలికి చెప్పాను. 'నూనె పెట్టిన నూలు, అలిజరిన్ రంగు, పడుగు పేక రెండూ చిటికి' అని రాస్తే చాలు. అంతకు మించిన లాటిన్ అక్కర్లేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టింది పెరట్లో కనిపించింది. రంగు వేసే కుర్రాడి చేతులకు గ్లౌజులు లేవు. బూడిద నీళ్లు, రంగు నీళ్లు రెండూ వట్టి చేతులతోనే కలుపుతున్నాడు. గోళ్ల చుట్టూ చర్మం పగిలి ఉంది. రంగు వేయగా మిగిలిన నీళ్లు కాలువలోకి పోతున్నాయి. క్షారం చర్మాన్ని తినేస్తుందని చెప్పాను, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లౌజులు నల్గొండలో దొరుకుతాయని చెప్పి, తర్వాత వెళ్లినప్పుడు తీసుకెళ్లి ఇచ్చాను. వాటితో దారం పట్టు తెలియదని పెద్దాయన ఇష్టపడలేదు. బూడిద నీళ్లకైనా వేసుకోమని కుర్రాడికి గట్టిగా చెప్పాను. నీళ్ల సంగతి ఒక్క ఇంటివాళ్లు తేల్చగలిగేది కాదు. ఊరందరికీ కలిపి ఒక ఏర్పాటు కావాలి. చీరకు ఇంకో రెండు వందలు పెరిగినా నేను ఇస్తాను, నాలాంటి వాళ్లు చాలామంది ఇస్తారు.

నల్గొండ నుంచి మునుగోడు, నారాయణపురం మీదుగా వెళ్లొచ్చు. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లకు చౌటుప్పల్ దగ్గర. పొద్దున వెళ్తే ఎండలో రంగు బాగా కనిపిస్తుంది, మగ్గాలు కూడా నడుస్తుంటాయి. ఫోన్‌పే తీసుకుంటున్నారు. సగం అడ్వాన్స్ అడుగుతారు, ఇవ్వొచ్చు. బేరం మాత్రం నేను చేయలేదు. నూనె పని చూశాక చేయాలనిపించలేదు.

మళ్లీ ఒక జత రుమాళ్లకు ఆర్డరిచ్చాను. దాంతోపాటు ఒక కోరిక కూడా కోరాను. మంజిష్ఠ వేరు నేనే తెచ్చిస్తాను, నూనె పెట్టిన దారంలో ఒక చిలప దానితో రంగు వేసి చూపించమన్నాను. అలిజరిన్ చిలప పక్కన పెట్టి చూస్తే రెండు ఎరుపుల తేడా నా కళ్లతో నేనే చూస్తాను కదా. పెద్దాయన కాసేపు ఆలోచించి ఒప్పుకున్నాడు. 'వేరు ఎంత ఉడకబెట్టాల్నో నాకు తెల్వది. మీరే దగ్గరుండి చెప్పాలె మేడం, రంగు తేలకపోతే నన్ననొద్దు' అన్నాడు. ఎండలు ముదిరాక రమ్మన్నారు. రంగు ఎలా వచ్చిందో ఈ రివ్యూకే కలిపి రాస్తాను.